ఇరవయ్యో సంచీ

ప్రెస్సు పైగది,
జనవరి 9

అక్కకి,

ఫోను చేస్తే నీకు వినపడదు, నేను అరిస్తే కింద కంపోజింగు వాళ్ళందరికీ వినపడుతుంది. బంగారం పరీక్షశాలలో రాళ్ళు పిండి చేసే మర పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నదానివి, నీతో ఉత్తరమే మేలు.

ఈ కట్టలో ఒక పుస్తకం పంపుతున్నాను. ఒక బంగారు గనుల కంపెనీ వార్షిక నివేదిక. అందులో నేనూ కొద్దిగా వాటాలు కొన్నాను, నలభై రెండు చొప్పున. కంగారు పడకు, కొద్దిగానే. ఎందుకు కొన్నానో చెబితే నవ్వకూడదు. ఇరవై ఆరేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను కదా, నూట నలభై పేజీల్లో ఒక్క అచ్చుతప్పు లేని పుస్తకం ఇంతవరకు చూడలేదు. ఇందులో లేదు. కామా కూడా తప్పలేదు. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పుస్తకం వేసినవాళ్ళు లెక్కలు తప్పు వేస్తారా?

ప్రతి ఆదివారం పొద్దున్న రిటైరైన స్టేషన్ మాస్టరు గారింట్లో మదుపరులం పన్నెండు మందిమి కలుస్తున్నాం. కంపెనీ ఆర్థిక పరిస్థితి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళు చెబుతారు. వాటిని నెలకో కాగితంగా వేసే పని నాకు అప్పగించారు. “ఒక్క పైసా అప్పు లేని కంపెనీ” అని పళ్ళ డాక్టరు గారు. “ఆస్తులు మూడేళ్ళలో మూడింతలయ్యాయి” అని బీమా ఏజెంటు. “తొలిసారి లాభం కూడా చూపించారు, ఇక బండి కదిలినట్టే” అని స్టేషన్ మాస్టరు గారు. బంగారం పరీక్ష చేసినవాళ్ళు మాత్రం మాలో ఎవరూ లేరు. నువ్వు చూసి నీ అభిప్రాయం రాస్తే మొదటి పేజీలో వేస్తాను.

నీ తమ్ముడు


వంటింటి బల్ల,
జనవరి 20

ఒరే అభిప్రాయాల ఎడిటరూ,

పుస్తకం అందింది. ముందు తూచాను, అలవాటు పోలేదు. ఏడువందల ముప్ఫై గ్రాములు. ఆ కంపెనీ పుట్టి ఆరేళ్ళయింది కదా, ఈ ఆరేళ్ళలో వాళ్ళు తీసి అమ్మిన బంగారం ఎంతో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఎందుకంటే సున్నా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నీ మదుపరుల అభిప్రాయాలు చదివి మధ్యాహ్నం నిద్ర మానుకున్నాను, అంత వినోదం. అప్పు లేదని మురిసిపోతున్నాడా పళ్ళ డాక్టరు? అప్పిచ్చేవాడు దొరకలేదని ఎవరికీ తోచలేదేం? బ్యాంకువాడు పిచ్చివాడా, మీలాగా? ఆస్తులు మూడింతలయ్యాయట. యాభై ఎనిమిదో పేజీ చూడు. కొండకి బెజ్జాలు వెయ్యడానికి అయిన ఖర్చంతా ఆస్తి కింద రాసుకున్నారు. నేను పెరట్లో బావి తవ్వించి, నీళ్ళు పడకపోతే, ఆ గొయ్యి చూపించి నాకింత ఆస్తి ఉందని చెప్పుకోనా? పైగా ఎంత లోతు తవ్వితే అంత ఆస్తిపరురాల్ని! ఇక లాభం. అది ఎక్కడి నుంచి వచ్చిందో “ఇతర ఆదాయం” అని చిన్న అక్షరాల్లో ఉంది. మీ దగ్గర తీసుకున్న డబ్బు బ్యాంకులో వేస్తే వచ్చిన వడ్డీరా అది. మీ డబ్బుకి మీకే వడ్డీ చూపించి లాభం అంటే, స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాలు మీరు పన్నెండు మందీ.

అధ్యక్షుడి జీతం, ఆ ఏడు కొండ మీద పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ. దానికి కామా సరిగ్గానే పెట్టారు, ఒప్పుకుంటాను.

చివరి పేజీల్లో పరీక్ష పట్టికలున్నాయి. అవి నా వంట. తీరిగ్గా చూస్తాను. ఈ అభిప్రాయం మొదటి పేజీలో వేస్తావా మరి?

అక్క


ప్రెస్సు పైగది,
ఫిబ్రవరి 11

అక్కకి,

వెయ్యలేదు. కానీ ఆదివారం అందరిముందూ చదివాను, నీ పేరు చెప్పకుండా “ఒక పరీక్షకురాలు” అని. పళ్ళ డాక్టరు గారు ముఖం మాడ్చుకున్నారు. స్టేషన్ మాస్టరు గారు మాత్రం, “ఆవిడ ముప్ఫై ఏళ్ళు తూచిన బంగారంలో ఒక్క గ్రామైనా ఆవిడ ఇంటికి వచ్చిందా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో. ధర యాభై ఎనిమిదికి చేరింది మరి. నువ్వు నవ్వావు, ధర పెరిగింది. ఇంకో ఉత్తరం రాస్తే డెబ్బై అవుతుందని బీమా ఏజెంటు అంటున్నాడు.

చిన్నప్పటి నుంచీ అంతే కదా నువ్వు. నేను ఏం తెచ్చి చూపించినా ముందు వెనక్కి తిప్పి లోపం వెతకడం.

సరే, అవన్నీ వదిలెయ్యి. ఒక్క సంగతి నిజంగా అడుగుతున్నాను. ఆ పట్టికలు చూశావా? సంచీ నంబరు, దాని ఎదురుగా టన్నుకి ఇన్ని గ్రాములని ఉంటాయి, నాకు అంకెలే కనిపిస్తాయి, నీకు ఇంకేదో కనిపిస్తుంది. ఏమాత్రం తేడా ఉన్నా ఒక్క మాట రాయి. వాటాలు ఉంచనా, అమ్మెయ్యనా? ఎగతాళి తరవాత చేద్దువుగాని.

తమ్ముడు


వంటింటి బల్ల,
మార్చి 3

తమ్ముడూ,

పట్టికలు చూశాను. చూసి నవ్వాను. నాకే వినపడేంత గట్టిగా నవ్వానంటే అర్థం చేసుకో. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

ఎందుకు నవ్వానో ఇప్పుడు చెప్పను. మా పరీక్షశాలలో మొదటి రోజే నేర్పే పద్ధతి ఒకటుంది: ఒకసారి తూచిన తూకం కడుపులో పెట్టుకో, రెండోసారి తూచాక నోరు విప్పు. నిరుటి నివేదిక పంపమని కంపెనీకే రాశాను. దాని పట్టిక కూడా ఇలాగే ఉంటే ఇక నాకు అనుమానం లేదు.

ఏ హక్కుతో రాశానంటావా? నేనూ వాటాదారునే! ఒక్కటంటే ఒక్క వాటా కొన్నాను. అరవై ఒకటికి. నా జీవితంలో ఇంత దండగ ఖర్చు చెయ్యలేదు. కానీ ఒక్క వాటా ఉన్నవాళ్ళకి కూడా వార్షిక సభలో లేచి ప్రశ్న అడిగే హక్కుందట. జూన్ పన్నెండున సభ. కొత్త చెప్పుల జోడు కూడా కొనుక్కున్నాను.

నీ స్టేషన్ మాస్టరికి చెప్పు, ఒక్క గ్రాము ఇంటికి తెచ్చుకోలేదు కాబట్టే ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడనిచ్చారని.

ఉంచనా అమ్మనా అని నన్నెందుకు అడుగుతావు? పళ్ళ డాక్టర్ని అడుగు. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


ప్రెస్సు పైగది,
ఏప్రిల్ 24

అక్కకి,

నీ ఉత్తరం చదివి నెల దాటినా జవాబు రాయబుద్ధి కాలేదు. ఒక్క మాట అడిగితే ఒక సస్పెన్సు పంపించావు.

ఈవేళ ధర డెబ్బై ఆరు. కావాలంటే నవ్వుకో. సభకి మాత్రం రావద్దని బతిమాలుకుంటున్నాను. మా వాళ్ళందరూ ఉంటారు. అధ్యక్షుడు మా కాగితం చదివి మెచ్చుకుంటూ నాకు స్వయంగా ఉత్తరం రాశాడు. అలాంటి చోట నువ్వు లేచి గొయ్యి, బావి, దూడ అంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?

నిరుటి పుస్తకం వచ్చిందా? వస్తే అందులో ఏముంది? రాయి. మూడోసారి అడుగుతున్నాను.

మీ మరదలు కులాసా. ఆసుపత్రి కోట్ల ఆర్డరు మళ్ళీ తనకే వచ్చింది. కొట్టు ఉన్న గదిని యజమాని అమ్మేస్తున్నాడు, తను పదకొండేళ్ళుగా అద్దెకున్నది కాబట్టి ముందు తనకే ఇస్తానన్నాడు. జూలై మొదటి వారం దాకా గడువు. అప్పుడే అల్మారా కోసం గోడ కొలతలు కూడా తీసుకుంది.

తమ్ముడు


వంటింటి బల్ల,
మే 2

తమ్ముడూ,

వచ్చింది. మార్చి పదహారునే వచ్చింది. రెండో తూకం కూడా అయిపోయింది. మిగతాది సభలో చూద్దువుగాని. ముందు వరసలో కూర్చో, బాగా కనపడుతుంది.

అక్క


వంటింటి బల్ల,
జూన్ 14

నాలుగో వరసలో కూర్చుని నన్ను ఎరగనట్టు నటించిన పెద్దమనిషికి,

నటించావు సరే, చూశావా లేదా? దూరాన కూర్చున్నావు కాబట్టి అధ్యక్షుడి చెవులు కనపడి ఉండవు, నేను మైకు దగ్గర నుంచి చూశాను. ఎర్రగా కందిపోయాయి.

నీకు అర్థం కాలేదేమో, మళ్ళీ చెబుతాను, మీ కాగితంలో వేసుకో. కొండ మీద తీసిన రాయిని సంచుల్లో కట్టి పరీక్షశాలకి పంపుతారు. పరీక్ష చేసేవాళ్ళు దొంగ లెక్క రాస్తారేమోనని, తీసేవాళ్ళు ప్రతి ఇరవయ్యో సంచీలో బంగారం బొత్తిగా లేని రాయి పోసి పెడతారు. ఆ సంగతి పరీక్షశాలలో అడుగు పెట్టని ఒకరిద్దరికే తెలుస్తుంది. దానికి ఫలితం సున్నా రావాలి. వస్తే పరీక్ష సరైనదని లెక్క. ఈ పద్ధతి మేమూ పాటించామని తొంభై ఒకటో పేజీలో గొప్పగా రాసుకున్నారు. నూట ఇరవై ఆరో పేజీ పట్టికలో ఇరవయ్యో సంచీకి నాలుగు గ్రాములు. నలభయ్యో సంచీకి మూడున్నర. అరవయ్యో సంచీకి నాలుగుంబావు! నిరుటి పుస్తకంలోనూ అంతే. ఉత్త రాయిలో బంగారం ఎలా పుట్టింది నాయనా అని అడిగాను. సంచులు కట్టాక ఎవడో బంగారం పొడి చల్లాడు. పాపం, వాడు కష్టజీవి, ఒక్క సంచీ వదల్లేదు. ఏది ఉత్త రాయో వాడికి చెప్పినవాళ్ళు లేరు.

“సాంకేతిక విషయాలు సభ తరవాత మాట్లాడదాం” అన్నాడు అధ్యక్షుడు, మైకులో అరిచాడు కాబట్టి నాకూ వినపడింది. “తరవాత మీరుంటారా?” అన్నాను. హాలంతా గొల్లుమంది. పత్రికల వాళ్ళు ఇద్దరు నా చుట్టూ మూగారు. మీ పళ్ళ డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, ఎవరైనా ఆయన పళ్ళు పరీక్ష చెయ్యచ్చు అంత సేపు.

మూడు నెలలు దాచుకున్నాను ఈ ప్రశ్నని. దాచుకున్నందుకు దక్కింది. బయటికి వచ్చి నీకోసం చూశాను, నువ్వు లేవు. అంత రోషమైతే ఎలారా? కొద్దిగానే కదా కొన్నది.

అక్క


ప్రెస్సు పైగది,
జూన్ 27

అక్కకి,

నువ్వు అడిగిన మర్నాడే వాటాల అమ్మకం ఆపేశారు. తరవాత వారానికి కంపెనీ ఆఫీసుకి తాళం. స్టేషన్ మాస్టరు గారు తలుపు తియ్యడం లేదు. ధర ఎంత అని ఎవరూ అడగడం లేదు, కొనేవాడే లేనప్పుడు ధరేమిటి.

కొద్దిగా కాదు. తొమ్మిది వేల వాటాలు. అది కొట్టు గది కొనడానికి మీ మరదలు కూడబెట్టిన డబ్బు. పదకొండేళ్ళు కోట్లు కుట్టి కూడబెట్టింది, నా పేరు మీద బ్యాంకులో వేసింది, ఎందుకంటే నేను మొగుణ్ణి కదా. జూలైకి రెట్టింపు చేసి చేతిలో పెడదామనుకున్నాను. తనకి ఇంకా తెలీదు. నీకు కూడా చెప్పలేదు. చెబితే నువ్వేమంటావో తెలుసు కాబట్టి. నీ నోటికి భయపడి కొద్దిగా అని రాశాను.

అది నా తప్పు. దాన్ని ఎవరి మీదికీ నెట్టను. ఇక నీది చెబుతాను.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి, ప్రూఫు చదివినట్టు చదివాను. ఒక్కో ఉత్తరంలో ఎన్ని ఎగతాళులున్నాయో! “అమ్మెయ్యి” అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఫిబ్రవరిలో అడిగాను. ఏప్రిల్లో అడిగాను. మార్చి పదహారున నీకు రెండో తూకం అయిపోయింది. ఆ రోజు ధర అరవై నాలుగు, కొనేవాళ్ళు ఎగబడుతున్నారు. ఆ మూడు అక్షరాలు కార్డు మీద రాసి పడేస్తే కొట్టు మాది అయ్యేది. నా వాటాలు ఇంకొకడి నెత్తిన పడేవి, అది పాపమే, కానీ ఆ సంగతి ఆలోచించి నువ్వు ఆగలేదు. నువ్వు ఆగింది హాల్లో చప్పట్ల కోసం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగాడట.

నాకు నోరు రావడం లేదు. గడువు ఇంకా పది రోజులే. తనకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు, మాటలు నీకు బాగా వచ్చు.

తమ్ముడు


వంటింటి బల్ల,
జూలై 2

తమ్ముడూ,

నువ్వు రాసింది నిజం. పరీక్షశాల పద్ధతి అని నీకు రాసింది మార్చి పదహారు దాకా నిజం, ఆ తరవాత అబద్ధం. నాకు ఆ రోజే తెలుసు. ఉత్తరం రాద్దామని కాగితం కూడా తీశాను. తీసి, నీ స్టేషన్ మాస్టరు నా గురించి అన్న మాట గుర్తొచ్చి, మళ్ళీ లోపల పెట్టేశాను. వాళ్ళందరి ముఖాలూ చూడాలనిపించింది. నీ ముఖం కూడా. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని గురించి ఎవడూ ఒక్కసారి కూడా ఆగి వినలేదు, ఆ హాలు వింటుందనుకున్నాను. ఆ ఆశకి నీ కొట్టు పోయింది. కొద్దిగానే కొన్నావు కదా, కాస్త బుద్ధొస్తుందిలే అని కూడా అనుకున్నాను, అది కూడా రాసేస్తున్నాను.

సిగ్గుగా ఉందిరా. ఏడుపొస్తోంది, ఏడవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మరదలికి ఏం చెప్పాలని అడిగావు. నాకు మాటలు రావు. నీ దగ్గరున్న నా ఉత్తరాలు, నా దగ్గరున్న నీ ఉత్తరాలు, అన్నీ ఒకచోట పెట్టి తన చేతికి ఇవ్వు. నీవి ఈ కట్టలో పెట్టాను. ఏదీ తియ్యలేదు, నువ్వూ తియ్యకు. నా రిటైర్మెంటు డబ్బులో మిగిలింది కొంత ఉంది. మీ గది కొనడానికి చాలదు. ఉన్నదంతా పంపుతానని తనకి చెప్పు.

అక్క


కొట్టు,
జూలై 11

వదిన గారికి,

ఆయన కట్ట తెచ్చి కత్తిరింపుల బల్ల మీద పెట్టి, బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. ఆర్డరు పక్కన పెట్టి అన్నీ చదివాను. మొదట్లో నవ్వొచ్చింది కూడా, మీరు బాగా రాస్తారు.

గది పోయింది. యజమాని ఎనిమిదో తారీఖున మందుల షాపాయనకి ఇచ్చేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మీ తమ్ముడు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చారు. ఏడుస్తూనే, మీరు ఒక్క మాట రాసుంటే ఇదంతా జరిగేది కాదన్నారు. మీరేమో ఆయన ఒక్క నిజం చెప్పుంటే మీరు రాసేవారనుకుంటారు. మీ ఇద్దరి వాదన మీరు చూసుకోండి.

నేను చూసింది వేరే. ఆరు నెలల ఉత్తరాలివి. కంపెనీ మీద అభిప్రాయం ఉంది, పళ్ళ డాక్టరు మీద ఉంది, కామాల మీద ఉంది. నా డబ్బు గురించి నన్ను ఒక్కమాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. డబ్బు పోయేదాకా నా ఊసు రెండేసార్లు వచ్చింది. ఒకసారి మీరు అడిగానని చెప్పమన్నారు. ఒకసారి నేను గోడ కొలుచుకుంటున్నాను. నేను కొలుచుకునేటప్పుడు టేపు రెండో చివర పట్టుకున్నది ఆయనే. “ఇంకో అంగుళం జరుపు” అన్నారు.

అమాయకురాలివి, నీకేం తెలుసులే అంటారేమో. నన్నడిగి ఉంటే నేను ఒకటే అడిగేదాన్ని, ఆరేళ్ళలో ఎంత బంగారం అమ్మారని. అమ్మకుండా అద్దె ఎలా కడుతున్నారని. దానికి పుస్తకం అక్కర్లేదు, నెలనెలా అద్దె కట్టేవాళ్ళెవరికైనా వస్తుంది ఆ ప్రశ్న.

వెనక వీధిలో ఇందులో సగం గది ఒకటి చూశాను. నాలుగు మిషన్లు పట్టవు, రెండు అమ్మేస్తున్నాను. ఇద్దరు పనమ్మాయిల్లో ఒకమ్మాయిని పొమ్మని నిన్న చెప్పాను. ఆ అమ్మాయి ఎవరో మీకూ ఆయనకీ తెలీదు. పేరు కూడా చెప్పను, తెలుసుకుని చేసేదేమీ లేదు.

గుండీలు కుట్టే పని ఇక మీ తమ్ముడిది. ప్రెస్సు నుంచి వచ్చాక రోజుకి నలభై కోట్లు. మొదటిరోజు అన్నీ వంకర. విప్పించి మళ్ళీ కుట్టించాను.

డబ్బు పంపుతానన్నారట. మొహమాటానికి వద్దంటాననుకోకండి. కొత్త గదికి ఆరు నెలల అద్దె ముందు కట్టాలి, ఇరవయ్యో తారీఖులోగా పంపండి. అది అప్పు కాదు, తిరిగివ్వను.

దానితో పాటు ఉత్తరం పెట్టకండి.

మీ మరదలు